టికెట్ మీద నంబర్లు కాదండి, సంచిలో సొమ్ము చూడండి

(కార్తీక వనసమారాధనలో, భోజనాల తర్వాత, తంబోలా (సంచిలోంచి తీసి పిలిచిన నంబర్లని టికెట్ మీద కొట్టుకునే ఆట) మొదలుపెట్టే ముందు మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారమండి. నిన్న రాత్రి ఇవాళ్టి ఆటకి టికెట్లు ప్రింట్ తీస్తుంటే మా పిన్నిగారు ఫోన్ చేసి, "అమ్మాయ్, 7 ఉన్న టికెట్ ఒకటి నాకు పక్కన పెట్టవే, 7 నాకు కలిసొస్తుంది" అన్నారు. పెట్టానండి, అందులో తప్పేం లేదు. కానీ అదే పిన్నిగారు వారం కిందట వాట్సాప్‌లో వచ్చిన ఒక లింకు నాకు చూపించి, "ఇందులో బింగో టికెట్ యాభై రూపాయలేనట, ఓ నాలుగు కొననా?" అని అడిగారు. బింగో అంటే మన తంబోలా లాంటి ఆటే. ఆవిడ అడిగారు కాబట్టి నాకు తెలిసింది, అడగకుండా కొనేసినవాళ్ళు ఈ తోటలోనే ఎంతమంది ఉన్నారో అనిపించింది. అందుకే ఆట మొదలయ్యే ముందు పావుగంట నాకివ్వమని కమిటీ వాళ్ళని అడిగాను.

ముందు చట్టం సంగతి. మన ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించారు, ఆడినవాళ్ళకీ శిక్ష ఉంది. ఆ తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆట ఏదైనా సరే, తెలివితో ఆడేదైనా, అదృష్టం మీద ఆడేదైనా, నడిపేవాళ్ళకి 3 ఏళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు వేసినవాళ్ళకీ శిక్షే. కాబట్టి పాలకొల్లులో కూర్చుని, భీమవరంలో కూర్చుని కొనడానికి సరైన ఆన్‌లైన్ బింగో టికెట్ అనేది లేదండి. ఏ సైటు మంచిది, ఏ యాప్ మంచిది అనే ప్రశ్నే మనకి లేదు, నమ్మకమైనదని ఎవరు చెప్పినా సరే.

మరి కొనడం గురించి మాట్లాడటం ఎందుకంటే, రెండు కారణాలు. ఒకటి, ఇక్కడున్న చాలామంది పిల్లలు, అల్లుళ్ళు, కోడళ్ళు ఇంగ్లండ్‌లో ఉన్నారు, ఇప్పుడు వీడియో కాల్‌లో కొందరు చూస్తున్నారు కూడా. అక్కడ లైసెన్సు ఉన్న సైట్లలో బింగో ఆడటం చట్టబద్ధం, పెన్నీలకే టికెట్లు దొరుకుతాయి. రెండోది, ఈ లెక్క ఒకసారి అర్థమైతే లింకు వచ్చినప్పుడు వేలు దానంతటదే ఆగుతుంది. వద్దు అని వందసార్లు చెప్పినదానికంటే లెక్క ఒకసారి చూపిస్తే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం, ఎందుకంటే నా విషయంలో అదే జరిగింది, అది చివర్లో చెప్తాను.

మీ చేతిలో ఉన్న టికెట్ ఒకసారి చూడండి. నా దగ్గర ఉన్నది చదువుతాను. పై వరసలో 4, 23, 38, 61, 80. మధ్య వరసలో 12, 27, 45, 66, 85. కింద 8, 17, 49, 53, 74. మూడు అడ్డవరసలు, తొమ్మిది నిలువు గళ్ళు, వరసకి అయిదు చొప్పున పదిహేను నంబర్లు. మొదటి నిలువులో 1 నుంచి 9 లోపువి, రెండో దాంట్లో 10 నుంచి 19, అలా వెళ్ళి ఆఖరి దాంట్లో 80 నుంచి 90. ఇంగ్లండ్ వాళ్ళు ఆడే 90 నంబర్ల బింగో టికెట్ కూడా అచ్చం ఇదే. వాళ్ళకి జల్దీ ఫైవ్ (అందరికంటే ముందు ఏవైనా అయిదు కొట్టడం), ఫోర్ కార్నర్స్ (నాలుగు మూలల నంబర్లు కొట్టడం) బదులు ఒక లైను, రెండు లైన్లు, ఫుల్ హౌస్ అంటే పదిహేనూ కొట్టడం ఉంటాయి, అంతే తేడా. అమెరికాలో ఆడేది వేరు, 75 నంబర్లు, అయిదు బై అయిదు గళ్ళు, మధ్య గడి ఖాళీ.

ఇప్పుడు పిన్నిగారి 7 సంగతి. సంచిలో 90 నంబర్లు ఉంటే, 7 రావడానికి ఎంత అవకాశమో 58 రావడానికీ అంతే. ప్రతి టికెట్‌కీ పదిహేను నంబర్లే కాబట్టి ప్రతి టికెట్‌కీ ఫుల్ హౌస్ అవకాశం సమానం. పుట్టినరోజు ఉన్న టికెట్, చిన్న నంబర్లూ పెద్ద నంబర్లూ సమానంగా ఉన్న టికెట్, పోయిన ఆటలో రాని నంబర్లున్న టికెట్, వీటిలో ఏది ఎంచుకున్నా ఒకటే. పోయిన ఆట నంబర్లు ఈ సంచికి గుర్తుండవు కదండీ.

కొందరు ఆరు టికెట్ల షీట్ కొంటారు. ఆ షీట్‌లో 1 నుంచి 90 దాకా ప్రతి నంబరూ ఒక్కసారి ఉంటుంది, ఆరు పదిహేనులు తొంభై. దాంతో ఏ నంబరు పిలిచినా మనకి ఎక్కడో ఒకచోట కొట్టేది దొరుకుతుంది, చెయ్యి ఖాళీగా ఉండదు, గెలుస్తున్నట్టే ఉంటుంది. గెలిచే అవకాశం మాత్రం విడిగా తీసుకున్న ఏ ఆరు టికెట్లకైనా ఎంతో దాదాపు అంతే. ఎందుకంటే ఫుల్ హౌస్ కావాలంటే పదిహేనూ ఒకే టికెట్‌లో పడాలి, ఆరింట్లో తలా కాస్త పడితే లాభం లేదు.

అసలు విషయం ఇక్కడుందండి. టికెట్ ముఖం చూడటం మానేసి రెండు ప్రశ్నలు అడగాలి. మొత్తం ఎన్ని టికెట్లు అమ్మారు? వసూలైన దాంట్లో ఎంత తిరిగి ఇస్తున్నారు? సంక్రాంతికి పందెం బరుల దగ్గర కేవు అంటే ఏంటో మన వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏ పుంజు గెలిచినా, ఎవరు ఓడినా, బరి నడిపేవాడి వాటా ముందే పక్కన పడుతుంది. ఆన్‌లైన్ బింగోలోనూ కేవు ఉంటుంది, కాకపోతే బరిలో కనపడేలా చేతికి తీసుకుంటారు, బింగోలో తెర వెనక తీసుకుంటారు. చీటీ వేసేవాళ్ళు ఇక్కడ సగం మంది ఉన్నారు. ఫోర్‌మన్ కమిషన్, అంటే చీటీ నడిపేవాళ్ళ వాటా, 1982 చిట్ ఫండ్స్ చట్టంలో 5 శాతం ఉండేది, 2019లో సవరించి 7 చేశారు. ఆ రెండు శాతానికే మనం ఎంత మాట్లాడుకున్నామో గుర్తుందా? బింగో టికెట్ కొనేటప్పుడు మాత్రం ఎంత పట్టుకుంటున్నారని ఒక్కరమూ అడగం.

లెక్క ఇలా వేసుకోండి. టికెట్ 50 రూపాయలు, 200 టికెట్లు అమ్మారు, వసూలు 10,000. ప్రైజులన్నీ కలిపి 7,000 ఇస్తున్నారు. అంటే మీ 50 రూపాయల టికెట్ అసలు విలువ, సగటున, 35 రూపాయలు. నాలుగు టికెట్లు కొంటే ఫుల్ హౌస్ అవకాశం 200లో 4, అంటే వందకి రెండు. ఎనిమిది కొంటే అవకాశం రెట్టింపవుతుంది, నిజమే, కానీ పోయేది కూడా రెట్టింపవుతుంది. నాలుగు కొన్నప్పుడు సగటున 60 పోతుంది, ఎనిమిది కొన్నప్పుడు 120. ఎక్కువ టికెట్లు కొంటే ఎక్కువ గెలుస్తాం అన్న మాటలో సగం నిజం ఉంది కాబట్టే అది అంత ప్రమాదం.

ఇంకొక తేడా కూడా చూడాలి, ఇది ఇంగ్లండ్‌లో ఉన్న పిల్లలు బాగా వినండి. కొన్ని ఆటల్లో ప్రైజు ముందే ఖాయం చేసి చెప్తారు, ఎంతమంది వచ్చినా అంతే ఇస్తారు. కొన్నిట్లో టికెట్లు ఎన్ని అమ్ముడైతే దాన్నిబట్టి ప్రైజు పెరుగుతుంది, తగ్గుతుంది. రెండో రకంలో జనం తక్కువున్న టైము చూసుకుని ఆడినా లాభం లేదు, పోటీ తగ్గినట్టే ప్రైజూ తగ్గుతుంది. మొదటి రకంలో మాత్రం జనం పలచగా ఉన్నప్పుడు మీ టికెట్ విలువ నిజంగానే పెరుగుతుంది. కాబట్టి ఆడేదేదో ఆడాలనుకుంటే, నంబర్లు ఎంచుకునే టైము పక్కనపెట్టి, ప్రైజు ఖాయమా కాదా, ఎన్ని టికెట్లు వెళ్ళాయి అన్నది చూడండి. ఆ రెండూ చూపించని సైటులో కొనకండి.

జాక్‌పాట్ అని పెద్ద అక్షరాలతో పెడతారు చూశారా, "45 నంబర్లలోపు ఫుల్ హౌస్ కొడితే" అని. వినడానికి సగం నంబర్లు కదా, సగం అవకాశం ఉన్నట్టుంటుంది. కాగితం మీద వేసి చూశాను. ఒక టికెట్‌లో పదిహేనూ మొదటి 45 పిలుపుల్లో పడే అవకాశం సుమారు 1,33,000లో ఒకటి. అసలు ఒక్క టికెట్ పట్టుకుని పదిహేనూ కొట్టేదాకా ఆడితే సగటున 85 నంబర్లు పిలవాలి. ఆటలు తొందరగా అయిపోవడానికి కారణం మన టికెట్ కాదు, వందల టికెట్లలో ఏదో ఒకటి ముందే నిండటం.

ఇక నా సంగతి. 2020 లాక్‌డౌన్‌లో రొయ్యల కొనుగోళ్ళు ఆగిపోయి, నేను లెక్కలు రాసే ఆఫీసు మూసేసి, మూడు నెలలు ఇంట్లో ఉన్నాను. ఫోన్‌లో బింగో మొదలుపెట్టాను, ఆ సైటు పేరు ఇప్పుడు అనవసరం. మొదటి వారంలోనే ఒక లైను కొట్టి 600 వచ్చింది, స్క్రీన్‌షాట్ తీసి మా అక్కకి పంపాను. తర్వాత ఇంకో రెండుసార్లు పంపాను. పోయినవి మాత్రం ఎవరికీ పంపలేదు. రోజంతా ఊళ్ళో వాళ్ళ లెక్కలు రాసే మనిషిని, నా లెక్క రాయలేదు.

జూలైలో ఒక రాత్రి టెన్షన్ పట్టలేక మేత లెక్కలు రాసే పాత నోట్‌బుక్ తీసి, బ్యాంకు మెసేజ్‌లు ఒక్కొక్కటీ చూసి రాసుకున్నాను. ఎడమవైపు కట్టింది, కుడివైపు వచ్చింది. ఎడమవైపు పేజీ నిండి రెండో పేజీకి వెళ్ళింది, కుడివైపు తొమ్మిది గీతలే. 212 టికెట్లు, 10,600 కట్టాను, 6,950 వచ్చింది. వందకి సుమారు అరవై అయిదున్నర. గెలిచానని మా అక్కకి పంపిన మూడూ ఆ తొమ్మిదిలోవే.

అంతకంటే బాధపెట్టింది బోనస్. 500 ఉచితం అని ఇచ్చారు, సంతోషంగా తీసుకున్నాను. తర్వాత ఒకసారి డబ్బు బయటికి తీయబోతే రాలేదు. ఎందుకని వెతికితే, బోనస్‌కి 30 రెట్లు ఆడితేగానీ తీయకూడదని నిబంధనల్లో ఎక్కడో ఉంది. 30 రెట్లంటే 15,000 రూపాయల టికెట్లు. ఇందాకటి లెక్కలోలా వందకి 30 పోయే ఆటలో 15,000 ఆడితే పోయేది 4,500, అంటే 500 కోసం 4,500. ఆ గుణకారం బోనస్ తీసుకునే ముందు రెండు నిమిషాల పని, నేను చేయలేదు. ఎక్కడ ఉన్నవాళ్ళైనా సరే, ఉచితం అన్న మాట కనపడితే అది ఎన్ని రెట్లు అని అడగండి, జవాబు దొరక్కపోతే ముట్టుకోకండి.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళకి నాలుగు మాటలు. సైటు అడుగున, అక్కడ జూదానికి లైసెన్సులిచ్చే గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు నంబరు ఉంటుంది, అది ఉంటే సరిపోదు, కమిషన్ రిజిస్టర్‌లో పెట్టి చూడండి, అందరికీ కనపడేలా ఉంటుంది. 18 నిండాలి. క్రెడిట్ కార్డుతో జూదం ఆడటం అక్కడ 2020 ఏప్రిల్ 14 నుంచి నిషేధం, కాబట్టి క్రెడిట్ కార్డు తీసుకుంటామనే సైటు దొంగ సైటే. ఖాతా తెరిచిన రోజే వారానికి ఇంత అని డిపాజిట్ హద్దు పెట్టుకోండి, పోగొట్టుకున్నాక పెట్టుకుందాం అంటే చెయ్యి రాదు. ఆపలేకపోతున్నాం అనిపిస్తే గామ్‌స్టాప్‌లో పేరు రాయించుకుంటే లైసెన్సున్న సైట్లన్నీ మిమ్మల్ని ఆపేస్తాయి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు నాయనా.

ఇక్కడున్నవాళ్ళకి. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే నేరుగా పంపే యాప్ ఫైలు, వస్తే ఇన్‌స్టాల్ చేయకండి. "మీకు ఫుల్ హౌస్ వచ్చింది, పన్ను కడితే ప్రైజు పంపుతాం" అంటే అది మోసం. డబ్బు మన ఖాతాకి రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు, కొట్టమన్నారంటే అది పోయే డబ్బే. పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మా ఆయన తిడతారని రాత్రంతా ఆగకండి వదినా, ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో యూపీఐలో వంద చొప్పున వసూలు చేసి జూమ్‌లో తంబోలా పెట్టేవాళ్ళు కూడా ఒకసారి ఆలోచించండి, మన వాళ్ళే కదా అనుకున్నా, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి గెలుచుకునే ఆట అదీ అవుతుంది. టికెట్ ఉచితంగా పంపండి, ప్రైజు ఎవరో ఒకరు ఇష్టంగా ఇస్తారు.

ఇవాళ మనం చేసింది అదే. 140 టికెట్లు, మనిషికి ఒకటి, డబ్బు లేదు. జల్దీ ఫైవ్‌కి తాపేశ్వరం కాజాల డబ్బా, మూడు లైన్లకి మూడు ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు, ఫుల్ హౌస్‌కి బండారులంక చీర. నర్సాపురం నుంచి వచ్చిన అత్తయ్యగారు తను అల్లిన లేసు టేబుల్ క్లాత్ ఫోర్ కార్నర్స్‌కి ఇస్తానన్నారు, చాలా సంతోషం. మీకు కావాల్సిన ఆఖరి నంబరు పిలవగానే గెలిచామని చెప్పాలి, తర్వాతి నంబరు పిలిచాక చెప్తే చెల్లదు, తప్పు చెప్తే బోగీ, ఆ టికెట్ ఇక ఆటలో ఉండదు. పెన్నులు లేనివాళ్ళు చెయ్యి ఎత్తండి, ఇస్తారు. మొదటి నంబరు పిన్నిగారే తీస్తారు. రండి పిన్నీ.