ముందు సూర్యుడు ఎటున్నాడో చూడండి
(విజయవాడలో సైన్సు, సోషల్ ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకూ, ఈ ఎండలో వచ్చిన ఉపాధ్యాయులకూ వందనాలు. అంగారకుడి అగ్నిపర్వతాలు, లోయలు, డెల్టాలు చెప్పమన్నారు. అగ్నిపర్వతం సంగతి ఒక్క ముక్కలో: ఒలింపస్ మాన్స్ ఎత్తు దాదాపు 22 కిలోమీటర్లు, వెడల్పు 600. హైదరాబాదు వెళ్లి వచ్చినా ఇంకా మిగులుతుంది.

లోయల జోలికి పోయేముందు ఒక బాధ చెప్పాలి. బడి గోడల మీది అంగారకుడి ఫోటోల్లో గుంటలను పిల్లలు గుట్టలుగా చదువుతున్నారు. తప్పు వాళ్లది కాదు. వెలుగు పైనుంచే పడుతుందని మన కంటికి అలవాటు. అందం కోసం ఫోటోను తిప్పి అచ్చేస్తే గుంటలన్నీ బొడిపెలవుతాయి. మీ చేతుల్లోని పటాన్ని ఒక్కసారి తలకిందులు చేయండి. చూశారా?

2006లో అంగారకుడిని చేరి, చుట్టూ తిరుగుతున్న నాసా నౌక మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్, ధ్రువాల దగ్గర తప్ప, స్థానిక సమయం మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో ఫోటోలు తీస్తుంది. ఉత్తరం పైకి పెడితే వెలుగు ఎడమ నుంచి, అంటే పడమటి నుంచి వస్తుంది. గుంటయితే ఎడమవైపు లోపలి గోడ నీడలో ఉంటుంది, కుడి గోడ మెరుస్తుంది. గుట్టయితే తారుమారు. సాయంత్రం మన ఇంద్రకీలాద్రికీ తూర్పు వాలే ముందు నల్లబడుతుంది.

నీడతో ఎత్తు కట్టవచ్చు. నీడ పొడవును సూర్యుడి ఎత్తు కోణపు టాంజెంట్‌తో గుణించండి. నీడ 100 మీటర్లు, కోణం 30 డిగ్రీలు అయితే ఎత్తు 58 మీటర్లు. నేల చదునుగా ఉంటేనే సుమా! దిగువకు వాలిన నేల మీద నీడ సాగుతుంది, లెక్క ఎక్కువ వస్తుంది. నల్లగా ఉన్నదల్లా నీడా కాదు. అక్కడి బసాల్టు (లావా గడ్డకట్టిన రాయి) ఇసుక నలుపే. నీడలన్నీ ఒకే దిక్కుకు పడతాయి, ఇసుక ఎటైనా పేరుకుంటుంది.

1976 జులై 25న వైకింగ్ 1 అనే నౌక అంగారకుడి మీది సైడోనియా ప్రాంతంలో తీసిన ఫోటోలో మనిషి 'ముఖం'లా కనిపించింది, గుర్తుందా? సూర్యుడు కిందుగా ఉండటంతో నీడలు కళ్లూ నోరూ అయ్యాయి. ముక్కురంధ్రం అనుకున్న చుక్క ప్రసారంలో పోయిన సమాచారం. 2001లో మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే మరో నౌక స్పష్టంగా తీస్తే అదొక కొండ. పాతికేళ్లండీ! ఆ పాతికేళ్లలో ఎంతమంది పిల్లలు దాన్ని నమ్మి ఉంటారు?

లోయలకు సమయం చాలదు. డెల్టా ఒక్కటి చెబుతాను. 2021 ఫిబ్రవరి 18న పర్సెవరెన్స్ రోవర్ దిగిన జెజెరో గుంట 45 కిలోమీటర్ల వెడల్పు. దాని పడమటి అంచున పాత నదీ డెల్టా ఉంది. దివిసీమ సముద్రమట్టానికి చేరువగా పరుచుకున్న నేల. జెజెరో డెల్టా అంచు మాత్రం గాలి కోతకు గురై, గుంట అడుగు కంటే ఎత్తుగా గట్టులా నిలిచింది. వెలుగు దిక్కు తప్పు చదివితే ఆ గట్టు కాస్తా కాలువ అయిపోతుంది.

అందుకే అడుగుతున్నాను. రేపు బడికి వెళ్లగానే పటం మీద పెన్సిలుతో ఉత్తరానికో బాణం, వెలుగుకో బాణం, పక్కన స్కేలు గీత వేయండి. ఆ మూడూ తెలియని ఫోటో ఉంటే గోడ మీంచి దించేయండి.