చవక పిస్టల్ కొనేముందు మ్యాగజైన్ చూడండి

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలు ఖాళీగా వదిలేసి వెనక సర్దుకున్న మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా పలకరిస్తే నాకిచ్చిన సమయంలో సగం దానికే సరిపోతుంది, మన్నించాలి.

ఆత్మరక్షణకు చవకలో నమ్మకమైన చేతి తుపాకీ ఎలా ఎంచుకోవాలన్నది అంశం. రకం, తూటా, పరీక్ష, భద్రత అని నాలుగు ముక్కలుగా కాగితం మీద రాసుకొచ్చాను. లైసెన్సు సంగతి అందులో లేదు. అది తేలకముందు దుకాణం మెట్టు ఎక్కనేకూడదు కాబట్టి రాయలేదు. మీరుండే చోట ఎవరికి అనుమతి, ఏ తూటాకు అనుమతి, ఇంట్లో ఎలా దాచాలి, ఏ పరిస్థితిలో వాడితే చట్టం దాన్ని ఆత్మరక్షణగా ఒప్పుకుంటుంది, ఇవన్నీ తెలుసుకున్నాకే మిగతా మాటలు.

ముందు రకం. చేతి తుపాకులు ముఖ్యంగా రెండు: తూటాలను తిరిగే సిలిండర్‌లో పెట్టుకునే రివాల్వర్, మ్యాగజైన్ అనే తూటాల పెట్టెను పిడిలో దూర్చే పిస్టల్. రివాల్వర్ గొప్పతనం ఒక్కటే: తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, సిలిండర్ తిరిగి తర్వాతి తూటా వస్తుంది. అందుకని రివాల్వర్ అసలు మొరాయించదని చాలామంది అనుకుంటారు. మొరాయిస్తుంది. కాల్చాక మిగిలే ఖాళీ షెల్స్‌ను బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు బిళ్ళ ఉంటుంది కదా, దాని కింద కాలని మందు రవ్వలు నాలుగు చేరితే సిలిండర్ బిగుసుకుపోతుంది. ఆ బిళ్ళను నెట్టే ఎజెక్టర్ రాడ్ మర వదులైతే రాడ్ ముందుకు జరిగి సిలిండర్ తెరుచుకోదు. పిస్టల్ జామ్ అయితే సాధారణంగా చేత్తోనే సరిచేసుకోవచ్చు. రివాల్వర్ బిగుసుకుంటే చాలాసార్లు పనిముట్లు కావాలి. పైగా డబుల్ యాక్షన్‌లో, అంటే సుత్తిని ముందే వెనక్కి లాగకుండా ట్రిగ్గర్ ఒక్కటే నొక్కి కాల్చేటప్పుడు, చిన్న రివాల్వర్ ట్రిగ్గర్ లాగడానికి 5 కిలోల పైన బలం పట్టవచ్చు. అలవాటు లేని వేలు వణుకుతుంది, గురి తప్పుతుంది.

చవక అన్నప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, కొత్తదే కానీ నాసిరకం. జింకు మిశ్రమాన్ని అచ్చులో పోసి చేసిన స్లైడ్, అంటే కాల్చినప్పుడల్లా వెనక్కీ ముందుకూ జరిగే పిస్టల్ పై భాగం, చూడటానికి ఉక్కులాగే ఉంటుంది, అరుగుదలలో మాత్రం ఉక్కు కాదు. రెండోది, పాతదే కానీ మంచిది. అమెరికా లాంటి చోట్ల పోలీసు శాఖలు కొత్తవి తీసుకున్నప్పుడు బయటికి వచ్చే తుపాకులు చాలావరకు నడుముకు మోసినవే తప్ప కాల్చి అరగదీసినవి కావు. పైరంగు పోయి ఉంటుంది, లోపల బాగుంటుంది. 1899 నుంచి వస్తున్న స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10 వరుస రివాల్వర్లు, 1980ల నుంచి వాడుకలో ఉన్న గ్లాక్ 17 లాంటివి ఇలా దొరుకుతుంటాయి. నన్నడిగితే రెండో దారే మేలు.

తూటా గురించి క్లుప్తంగా. 9 మిల్లీమీటర్ల పారబెల్లమ్ 1902 నాటిది, ఇప్పటికీ చాలా దేశాల్లో తయారవుతోంది, చట్టం అనుమతించే చోట సాధనకు సులువుగా దొరుకుతుంది. .22 తూటా చవకే, కానీ దాని పేలుడు రసాయనం తూటా అడుగు అంచులో ఉంటుంది. ఆ అంచంతా సమంగా పరుచుకోకపోతే సుత్తి పడినా పేలదు. .380 తూటా వేసే చిన్న పిస్టల్‌కు స్లైడ్ లాగడం తేలికనుకుంటారు. కాల్చే క్షణంలో స్లైడ్‌ను గొట్టానికి బిగించి ఉంచే లాకింగ్ లేని బ్లోబ్యాక్ రకమైతే వెనక్కి తన్నే ఒత్తిడినంతా స్లైడ్ బరువూ స్ప్రింగూ ఆపాలి, అందుకే అది తరచూ 9 మిల్లీమీటర్ల దానికంటే గట్టిగా ఉంటుంది. కొనేముందు మీ చేత్తో లాగి చూడండి.

ఇక నా అసలు ఫిర్యాదు. దుకాణంలో జనం పిస్టల్‌ను అటూ ఇటూ తిప్పుతారు, గొట్టంలోకి తొంగి చూస్తారు, పిడి చేతికి ఇమిడిందా లేదా అని పట్టి చూస్తారు. మ్యాగజైన్‌ను మాత్రం డబ్బాలో పడేసిన చార్జర్‌లా చూస్తారు. పిస్టల్‌కు ప్రాణం అందులోనే ఉందండీ! పెట్టె, స్ప్రింగ్, తూటాను పైకెత్తే ఫాలోయర్, అడుగు పలక, ఇంతే దాని సంసారం. కానీ పైన తూటాను పట్టుకునే రెండు పెదవులున్నాయి చూశారా, అవి కాస్త విచ్చుకుంటే తూటా ముందే ఎగిరి ముక్కు పైకి లేస్తుంది. లోపలికి వంగితే ఆలస్యంగా వదులుతుంది, తూటా ముక్కు కిందికి దిగబడి, గొట్టం మొదట్లో ఉండే ఏటవాలు ర్యాంపుకు గుద్దుకుంటుంది. సిమెంటు నేల మీద నిండు మ్యాగజైన్ ఒక్కసారి పెదవుల మీద పడితే చాలు. స్ప్రింగ్ నీరసిస్తే ఇంకో తంటా: తూటా పైకి వచ్చేలోపే స్లైడ్ దాటిపోయి ఖాళీ ఛాంబర్ మీద, అంటే తూటా పేలే గది మీద, మూసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే టిక్‌మంటుంది, అంతే. ఆఖరి తూటా అయ్యాక స్లైడ్ వెనక నిలవకపోతే ముందు అనుమానించాల్సింది ఆ స్ప్రింగునే.

కాబట్టి పాత మోడల్ బేరం కుదిరిందని సంబరపడేముందు ఒకటి కనుక్కోండి: దానికి కంపెనీ మ్యాగజైన్లు ఇప్పటికీ తయారవుతున్నాయా? కొన్ని పిస్టళ్ళు చవకగా దొరకడానికి కారణం వాటి మ్యాగజైన్లు తయారవడం ఆగిపోవడమే. అవి తయారవుతుంటే మూడు తీసుకోండి. పిస్టల్‌కే డబ్బంతా పెట్టేయకండి, సగం దగ్గర ఆగండి. మిగతా సగం మ్యాగజైన్లకు, తూటాలకు, తాళం పెట్టెకు, నేర్పే మనిషికి.

ఒక్కసారి చేతులెత్తండి: మీలో మ్యాగజైన్లకు నంబర్లు వేసుకున్నవాళ్ళెందరు? ... చూశారా!

రంగు పెన్నుతో 1, 2, 3 అని రాయండి. కాల్పుల సాధన చేసే రేంజిలో మామూలు తూటాలు 200, రక్షణకు ఉంచుకునే రకం 50, మూడింటిలోనూ మార్చి మార్చి కాల్చండి. ఆగినప్పుడల్లా ఏ నంబరు, ఎన్నో తూటా, ఎలా ఆగిందో రాసుకోండి. ఒకే నంబరు మొరాయిస్తే దాన్ని పారేయండి. మూడింటిలోనూ ఖాళీ షెల్ బయటికి రాకపోతే తప్పు తుపాకీది. ఖాళీ షెల్‌ను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద మసి పేరుకుందేమో, స్లైడ్‌ను ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగ్ నీరసించిందేమో చూడాలి. మీకు ఆగి, పక్కవాళ్ళు కాలిస్తే ఆగకపోతే మీ మణికట్టు వదులుగా ఉందన్నమాట. ఒక్క చేత్తోనూ, ఎడమ చేత్తోనూ కాల్చి చూడండి. ఆ 250లో మీరు పెట్టుకోబోయే రకం ఒక్కసారి ఆగినా, కారణం తేలేదాకా ఆ పిస్టల్ మీద భరోసా పెట్టకండి.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. భద్రత ముక్క మిగిలిపోయింది, అది చెప్పకుండా దిగను. మ్యాగజైన్ తీశాక కూడా ఛాంబర్‌లో తూటా ఉండొచ్చు. ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్, తర్వాత కంటితో, వేలితో ఛాంబర్. క్రమం తప్పితే, ముందు స్లైడ్ లాగితే మ్యాగజైన్ మరో తూటాను లోపలికి తోస్తుంది. పిల్లలున్న ఇంట్లో బీరువా పైన పెట్టడం దాచడం కాదు. తాళం పడే ఉక్కు పెట్టె, అదీ గోడకో నేలకో బిగించినది.

ఇంకొక్కటి. రాత్రి తూటా తీసి, పొద్దున మళ్ళీ అదే తూటా ఛాంబర్‌లోకి ఎక్కించే అలవాటు కొందరికి ఉంటుంది. ఎక్కించిన ప్రతిసారీ దాని ముక్కు, అంటే గుండు, ర్యాంపుకు గుద్దుకుని షెల్ లోపలికి కొంచెం కొంచెం దిగవచ్చు. లోపల చోటు తగ్గితే మందు మండినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి, వెంట్రుకవాసి పొట్టిగా కనిపించినా దాన్ని కాల్చకండి.

ఈ బల్ల మీద మూడు ఖాళీ మ్యాగజైన్లు పెట్టాను. ఒకటి బాగున్నది, రెండు చెడినవి. తూటాలు ఈ గదిలో లేవు. ప్రశ్నలు అడిగేముందు వచ్చి పెదవులు వేలితో తడిమి, బాగున్నదేదో మీరే చెప్పండి.