ఏడు రోడ్ల కబుర్లు: బావ టాప్ ఐదు

బావ: అందరికీ నమస్కారం. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, అదే మేడ మీద గది, అదే ఫ్యాను చప్పుడు. ఈరోజు నా టాప్ ఐదుగురు గేమర్లు. నేను పెద్ద ఆటగాణ్ణి కాదు. రాత్రి అన్నం తిన్నాక మ్యాచ్‌లు చూస్తాను, అంతే.

బామ్మర్ది: పచ్చ నోట్‌బుక్కేనా?

బావ: అదే. ఐదు, మన జోనథన్. ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడే కుర్రాళ్ళకి చెప్పక్కర్లేదు. నాలుగు, కంప్యూటర్లో ఆడే తుపాకుల ఆట కౌంటర్ స్ట్రైక్‌లో సింపుల్ అనే ఉక్రెయిన్ ఆటగాడు. 2021 స్టాక్‌హోమ్ మేజర్ టోర్నీలో వాళ్ళ టీమ్ ఒక్క మ్యాప్, అంటే మ్యాచ్‌లో ఒక్క ఆట కూడా పోగొట్టుకోలేదు. మూడు, టెక్కెన్ అనే ఫైటింగ్ గేమ్‌లో లాహోర్ అర్స్‌లాన్ యాష్. ఈవో అంటే ఫైటింగ్ గేమ్‌ల పెద్ద టోర్నీ. 2019లో జపాన్ ఈవో, లాస్ వేగస్ ఈవో రెండూ కొట్టాడు. రెండు, స్ట్రీట్ ఫైటర్ అనే ఫైటింగ్ గేమ్‌లో జపాన్ దైగో. ఒకటి, లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే టీమ్ గేమ్‌లో కొరియా ఫేకర్. అయిపోయింది.

బామ్మర్ది: ఏటి అయిపోయింది? దైగో రెండా?

బావ: ఫేకర్‌కి ఆరు వరల్డ్స్, అంటే ప్రపంచ కప్పులురా. మొదటిది 2013లో, ఆరోది 2025లో. దైగోకి నువ్వు చూపించేది ఒక్క రౌండు.

బామ్మర్ది: ఆ ఒక్క రౌండే చాలు. 2004 ఈవో. అవతల జస్టిన్ వాంగ్, అతను ఆడించే పాత్ర చున్‌లీ. దైగో ఆడించే కెన్‌కి ప్రాణం గీతంత మిగిలింది. చున్‌లీ సూపర్ వేసింది, అంటే వరసగా తన్నుల పెద్ద దెబ్బ. మామూలుగా అడ్డుకుంటే కొంచెం కొంచెం తరిగి చచ్చిపోతాడు. పారీ ఒక్కటే దారి. తన్ను తగిలే క్షణానికి జాయ్‌స్టిక్ వెనక్కి లాగకూడదు, దాని మీదకే కొట్టాలి. ఇదిగో, ఇలా... టక్, టక్, టక్...

బావ: బల్ల కొట్టకు, మైకులో పడుతుంది.

బామ్మర్ది: పదిహేను తన్నులు బావా! ఆఖరిది గాల్లో ఆపి, దిగుతూనే తిరిగి కొట్టి గెలిచాడు.

బావ: ఆ రౌండు గెలిచాడు. ఆ టోర్నీ ఫైనల్ ఓడిపోయాడు.

బామ్మర్ది: అయితే వెయిట్‌లిఫ్టింగ్‌లో మా కరణం మల్లీశ్వరక్క?

బావ: వచ్చింది. ఇంకా రాలేదేంటా అనుకుంటున్నాను.

బామ్మర్ది: రాకుండా ఎలా? సిడ్నీ, 2000. 130 కిలోలు ఎత్తేసింది. తర్వాత బంగారం కోసం 137.5 పెట్టించింది. లేవలేదు, కంచు వచ్చింది. ఆ ఒక్క ప్రయత్నం చూసి ఆమెను కింద పెడతావా? ఆముదాలవలస వచ్చి ఆ మాట అను.

బావ: అననురా. కానీ నేను ఫేకర్‌ని ఒకటో స్థానంలో పెట్టింది కప్పుల లెక్క చూసి కాదు. 2017 ఫైనల్, 3-0తో ఓడిపోయి కుర్చీలోనే తల దించుకుని ఏడ్చాడు. నా డీఎస్సీ రెండోసారి పోయిన రోజు రాత్రి ఆ వీడియో చూశాను. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

బామ్మర్ది: ... నాకు చెప్పలేదు.

బావ: 2016 తర్వాత మళ్ళీ కప్పు 2023లో, సియోల్‌లో, వాళ్ళ జనం ముందే. ఏడేళ్ళు. మధ్యలో మానేసినా ఎవరూ ఏమీ అనేవారు కాదు.

బామ్మర్ది: సరే, అది ఒప్పుకుంటాను. మల్లీశ్వరక్క కూడా మానలేదు, అది వేరే...

బావ: మళ్ళీనా!

బామ్మర్ది: వేరే అంటున్నాను కదా. దైగో వీడియో నువ్వు చివరిసారి ఎప్పుడు చూశావు?

బావ: నెట్ సెంటర్ రోజుల్లో.

బామ్మర్ది: అదీ సంగతి. ఇలా ఇయ్యి ఫోను. మొదటి తన్ను నుంచి చూడు... ఇక్కడ... జనం అరుపు వినిపిస్తోందా?

బావ: సౌండ్ పెంచు.