కత్తి పట్టలేడా, పట్టకూడదా?

అక్క: అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మా అక్కాతమ్ముళ్ల పాడ్‌కాస్ట్ ఇది. పోయిన ఆదివారం మా ఇంట్లో ఆట మధ్యలోనే ఆగిపోయింది. దాని గురించే మాట్లాడాలని కూర్చున్నాం.

తమ్ముడు: ముందు ఏం జరిగిందో చెప్పక్కా. కొత్తగా వినేవాళ్లకు అర్థం కావాలి కదా.

అక్క: మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని మాటలతోనే కథ నడిపే ఆట, దెబ్బ తగిలిందా లేదా లాంటివి డైస్ వేసి తేల్చుకుంటాం. అదీ పాతది, 1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ రూల్స్. కథ నడిపేది నేను. గుత్తి కోటను మనసులో పెట్టుకుని ఒక కొండకోట గీశాను. చాప మీద చార్టు పరిచి, శత్రువులు నిలబడిన చోటల్లా ఒక్కో చెనక్కాయ పెట్టాం. ఆరు చెనక్కాయలు మెట్ల మీద ఉన్నాయి, మా వాళ్లు కింద ఉన్నారు.

తమ్ముడు: నా పాత్ర ఫైటర్, అంటే యుద్ధవీరుడు. ఆ మెట్ల దగ్గరే పడిపోయాడు. వాడి కత్తి జారి పాప పాత్ర ముందు పడింది.

అక్క: పాప అంటే మా చిన్నాన్న కూతురు. ఇంటర్ చదువుతోంది, ఆటకు రావడం అది మూడోసారి. తనది మేజిక్ యూజర్, అంటే మంత్రగాడి పాత్ర. మొదటి లెవెల్లో రోజుకు ఒక్కటే మంత్రం, అది అప్పటికే వాడేసింది. ఉన్న ఒక్క బాకూ విసిరేసింది. "అన్న కత్తి తీసుకుని అడ్డం నిలబడతా" అంది. నేను పుస్తకం తీసి పేజీ చూపించాను. మేజిక్ యూజర్‌కు బాకు, డార్ట్, కర్ర, అంతే, కత్తి కుదరదు అన్నాను. పాప ఏమీ అనలేదు. చేతిలోని డైస్ మెల్లగా చాప మీద పెట్టేసింది. అది చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

తమ్ముడు: కానీ రూల్ అదే కదక్కా. నువ్వు తప్పు చెప్పలేదు.

అక్క: రూల్ అదే. కుదరదు అన్నాను సరే, అంటే ఏంటి? రాత్రంతా అదే ఆలోచన. మన భాషలో అయితే ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. పట్టలేడు. పట్టకూడదు. పట్టడు. మూడూ వేరే కదా? పట్టలేడు అంటే చేతకాదు. పట్టకూడదు అంటే చేతనవుతుంది గానీ కట్టుబాటు ఉంది. పట్టడు అంటే ఆ మనిషి తీరే అంత.

తమ్ముడు: 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో డ్రూయిడ్, అంటే ప్రకృతిని కొలిచే మంత్రగాడి సంగతి అలాగే ఉంది. డ్రూయిడ్లు లోహపు కవచం వేసుకోరు అని రాశారు గానీ వేసుకోలేరు అనలేదు.

అక్క: చూశావా! ఆ ఒక్క మాట మీదే ఎంత వాదన నడిచిందో. ఇప్పుడు మన పాత పుస్తకంలో క్లెరిక్, అంటే దేవుడి సేవలో ఉండే పూజారి సంగతి చూడు. ఆయనకు గద, సమ్మెట, దుడ్డుకర్ర ఇచ్చారు. రక్తం చిందించే పదునైన ఆయుధం, మొన ఉన్న ఆయుధం నిషేధం.

తమ్ముడు: గదతో కొడితే రక్తం రాదా అక్కా? మనలో ఎవరు నమ్ముతారు, భీముడి కథ విన్నాక!

అక్క: యూరప్‌లో బేయో టేపెస్ట్రీ అని పాత కుట్టుపని ఉంది. 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధంలో ఓడో అనే బిషప్ దుడ్డుకర్రతో కనిపిస్తాడు అందులో. క్లెరిక్ నియమానికి వేళ్లు అక్కడివే అంటారు. కానీ భీముడి మాట బాగా ఎత్తావురా. గదాయుద్ధంలో నాభి కింద కొట్టకూడదు. భీముడు కొట్టాడు, దుర్యోధనుడి తొడలు విరిగాయి. ఆ నియమం భీముడి చెయ్యి పట్టుకుని ఆపిందా? ఆపలేదు. ఆ తర్వాత బలరాముడు నాగలి ఎత్తుకుని మీదికి వచ్చాడు. కూడదు అంటే అదీ. చెయ్యొచ్చు, ఫలితం మోయాలి. అందుకే మా ఆటలో క్లెరిక్ కత్తి ఎత్తితే నేను అడ్డుపడను. మర్నాడు దేవుడు మంత్రం ఇస్తాడో లేదో, ఆ కథ అప్పుడు నడుస్తుంది.

తమ్ముడు: మరి పాపది ఏ రకం?

అక్క: మంత్రవిద్యకూ యుద్ధవిద్యకూ దాదాపు పొసగదు అని పుస్తకమే కారణం చెప్పింది. అంటే ఇది 'లేడు' రకం, చేతకానితనం. అయితే అదే పుస్తకంలో చేతకానితనానికి ఒక ధర కూడా కట్టారు. ఫైటర్ నాలుగు ఆయుధాలు నేర్చుకుని మొదలుపెడతాడు, నేర్వనిది పట్టుకుంటే దెబ్బ తగిలిందో లేదో తేల్చే డైస్ అంకెలో 2 తగ్గుతుంది. మేజిక్ యూజర్‌కు ఒక్కటే ఆయుధం, 5 తగ్గుతుంది.

తమ్ముడు: అది అనుమతి ఉన్న ఆయుధాలకే కదా? బాకు నేర్చుకుని కర్ర పట్టుకుంటే 5 తగ్గుతుంది. కత్తికి ఆ లెక్కే లేదు.

అక్క: అక్షరం పట్టుకుంటే నీదే నిజం. అందుకే ఇంకా వెనక్కి వెళ్లాను. 1974లో ఈ ఆటను తయారుచేసిన గైగాక్స్, ఆర్నెసన్ తెచ్చిన మొదటి రూల్స్‌లో బాకు తగిలినా కత్తి తగిలినా దెబ్బ ఒకటే, ఆరు ముఖాల డైస్. ఆయుధాన్ని బట్టి వేరే డైస్ వెయ్యడం 1975లో గ్రేహాక్ అనే అనుబంధంతో వచ్చింది.

తమ్ముడు: అయ్యో, మరి దెబ్బ ఒకటే అయినప్పుడు కత్తి వద్దనడం దేనికి?

అక్క: మంత్రపు కత్తుల కోసం! వాటికి ప్రత్యేకంగా పట్టికలు ఉన్నాయి. కొన్నిటికి తెలివి ఉంటుంది, కొన్ని మాట్లాడతాయి. అవి ఫైటర్ వాటా. మంత్రాలు ఒకరికి, ఆ కత్తులు ఇంకొకరికి. నాకు అర్థమైనంత వరకు ఈ నిషేధం అసలు పని ఆస్తి పంపకం. అన్నీ ఒకడే పట్టుకుపోతే ఫైటర్‌గా ఆడేవాడు ఏం చెయ్యాలి, కూర్చుని చూడాలా?

తమ్ముడు: నా కత్తి మామూలుదే. సంతలో కొన్నది.

అక్క: అదే నేను చెప్పేది. పడిపోయిన అన్నను కాపాడటానికి మామూలు కత్తి ఒక్కసారి ఎత్తితే ఎవరి వాటాకు నష్టం? 2000లో మూడో ఎడిషన్ వచ్చేసరికి ఆ గోడే తీసేశారు. అలవాటు లేని ఆయుధం ఎవరు పట్టినా 4 తగ్గుతుంది, అంతే. నేను పాత రూల్స్ వదలను, నాకవి ప్రాణం. మేజిక్ యూజర్ కత్తి కట్టుకుని ఊళ్లు తిరుగుతానంటే ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ మెట్ల దగ్గర నేను చెప్పాల్సింది వేరే. "ఎత్తు తల్లీ, బరువుగా ఉంది, 5 తగ్గించుకుని వెయ్యి" అనాల్సింది.

తమ్ముడు: 5 తగ్గితే తగలడం కష్టమే.

అక్క: కష్టమే. తగలకపోయినా అడ్డం నిలబడినట్టే కదరా. నిన్న పాపకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, ఆ చెనక్కాయలు తీసేయలేదు కదా?" అని అడిగింది.

తమ్ముడు: తీయలేదు. చార్టు కూడా మడవలేదు, మంచం కింద అలాగే ఉంది.

అక్క: ఆదివారం నాలుగు గంటలకు వస్తానంది. కత్తి ఇంకా తన ముందే పడి ఉంది.