ఒక జెండా కోసం ఆర్నెల్ల గొడవ

అందరికీ నమస్కారం.

కెనడా జెండా చూస్తే ఆ దేశం పుట్టినప్పటి నుంచీ అదే ఉందేమో అనిపిస్తుంది. కానీ దేశం ఏర్పడింది 1867లో, ఎర్ర మేపుల్ ఆకు ఎగిరింది 1965 ఫిబ్రవరి 15న. దాదాపు వందేళ్లు వాళ్లకు చట్టం చేసి పెట్టుకున్న సొంత జెండా లేదు. ఓ పక్క బ్రిటన్ యూనియన్ జాక్, మరో పక్క రెడ్ ఎన్‌సైన్. ఎర్ర గుడ్డ, పైమూలన యూనియన్ జాక్, పక్కన కెనడా చిహ్నం. అసలది ఓడల జెండా. 1945లో ప్రభుత్వ భవనాల మీదికి ఎక్కింది, అదీ పార్లమెంటు ఏదో ఒకటి తేల్చేదాకా అన్న మాట మీద.

తేల్చాలన్న పట్టుదల లెస్టర్ పియర్సన్‌ది. 1956లో సూయజ్ కాలువ గొడవలో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ఈజిప్టు మీద పడ్డప్పుడు, ఐక్యరాజ్యసమితి శాంతి దళాన్ని పంపుదామన్నది అప్పటి కెనడా విదేశాంగ మంత్రి అయిన ఈయనే. తీరా కెనడా పంపబోయిన దళం పేరు 'క్వీన్స్ ఓన్ రైఫిల్స్'. జెండాలో యూనియన్ జాక్. ఈజిప్టు వద్దంది. అనదా మరి?

ప్రధాని అయ్యాక, 1964 మే 17న, పియర్సన్ విన్నిపెగ్‌లో మాజీ సైనికుల సభకు వెళ్లి కొత్త జెండా పెడతానన్నాడు. పాత జెండా కింద యుద్ధం చేసినవాళ్లు వాళ్లు. గోల గోల చేశారు. ఆ కబురు వాళ్ల ముందుకే వెళ్లి చెప్పడం నాకు నచ్చుతుంది.

పార్లమెంటులో ప్రతిపక్ష నేత డీఫెన్‌బేకర్ అడ్డం తిరిగాడు. విషయం 15 మంది కమిటీకి వెళ్లింది. ప్రజల నుంచి వేల డిజైన్లు వచ్చిపడ్డాయి. పియర్సన్ మనసు పడ్డది మూడు ఆకులు, అంచుల్లో నీలి పట్టీలు ఉన్నదాని మీద. చరిత్రకారుడు జార్జ్ స్టాన్లీ మాత్రం జనాన్ని చీల్చే గుర్తులేవీ వద్దని రాసి, ఎరుపు తెలుపుల్లో ఒకే ఆకు చాలన్నాడు. కమిటీ చివరి ఓటింగ్‌లో అధికార పక్షం ఎలాగూ ప్రధాని జెండాకే వేస్తుందని ప్రతిపక్ష కన్సర్వేటివ్ సభ్యులు ఒంటి ఆకుకు వేశారు. అటువాళ్లూ దానికే వేశారు! 14-0. ఇంత పకడ్బందీ ఎత్తు మన అసెంబ్లీల్లో కూడా అరుదే.

అయినా సభలో చర్చ తెగలేదు. చివరికి డీఫెన్‌బేకర్ పార్టీలోని క్యూబెక్ నాయకుడు లియోన్ బాల్సెరే, ఇక చర్చ ముగించండని ప్రభుత్వాన్ని అడిగాడు. డిసెంబర్ 15న, అర్ధరాత్రి దాటాక, 163-78తో నెగ్గింది.

రాజచిహ్నం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. 1921లో ఐదో జార్జ్ ఇచ్చినదాంట్లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ సింహాలు, ఐర్లాండ్ వీణ, ఫ్రాన్స్ లిల్లీలు, పైన కిరీటం, అన్నీ ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి. మారినవాటిలో ఒకటి అడుగున ఉన్న మూడు ఆకుల రంగు. 1957లో ఆకుపచ్చ పోయి ఎరుపు వచ్చింది.

పాత రెడ్ ఎన్‌సైన్ కూడా పూర్తిగా పోలేదు. రాజధాని ఒట్టావాలో దించేసిన మూడు నెలలకే అంటారియో దాని మీద తన చిహ్నం వేసుకుని రాష్ట్ర జెండా చేసుకుంది. మరుసటి ఏడాది మానిటోబాదీ అదే దారి. టొరంటోలో ఉన్న మనవాళ్లకు అంటారియో ప్రభుత్వ ఆఫీసుల ముందు కనిపించే ఎర్ర జెండా అదే.