55 వేలలో గేమింగ్ కంప్యూటర్

శ్రోతలకు నమస్కారం.

నా చేతిలో ఒక చిన్న కాగితం ఉంది. కంప్యూటర్ షాపులో రాసిచ్చే కొటేషన్. 2024 వేసవిలో మా మేనల్లుడు దీన్ని జేబులో పెట్టుకుని కాజీపేట నుంచి మా ఇంటికొచ్చాడు. ఇంటర్ పరీక్షలు బాగా రాస్తే గేమింగ్ కంప్యూటర్ కొనిస్తానని మా బావ మాటిచ్చాడు. పిల్లవాడు బాగానే రాశాడు.

కాగితం మీద అయిదే లైన్లు. కోర్ ఐ7. 16 జీబీ ర్యామ్. 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. గేమింగ్ క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్‌తో సహా. కింద ఒక గీత, దాని కింద 42 వేలు. మానిటర్ వేరు.

"ఐ7 ఇస్తున్నారు మామా, ఇంకేం కావాలి?" అన్నాడు.

నేను ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేస్తాను. బంధువుల ఇళ్లలో, స్నేహితుల ఇళ్లలో చాలా కంప్యూటర్లు బిగించాను. అందుకే నాకు ఆ కాగితం మీద ఉన్న అంకెల కంటే లేని అంకెలే ముందు కనిపించాయి. ఒక్క వస్తువుకీ మోడల్ నంబర్ లేదు. "అల్లుడూ, షాపుకి ఫోన్ చేసి ఏ ఐ7 అని అడుగు. ఏ గ్రాఫిక్స్ కార్డ్ అని కూడా అడుగు" అన్నాను.

అడిగాడు. ప్రాసెసర్, అంటే కంప్యూటర్ మెదడు, ఐ7 3770. అది మూడో తరం, 2012లో వచ్చింది. దానికి నాలుగు కోర్లు, అంటే పనిచేసే చేతుల్లాంటివి, ఎనిమిది థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిపే పనుల వరసలు. 2022లో వచ్చిన ఐ3 12100ఎఫ్ అనే చిన్న ప్రాసెసర్‌కి కూడా సరిగ్గా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. కానీ మధ్యలో పదేళ్లు గడిచాయి. ఈ కొత్త ఐ3లో ఒక్కో కోర్ చేసే పని, ఆ పాత ఐ7 కోర్ చేసే పని కంటే చాలా ఎక్కువ. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఆ ఏడాది ఇంటిపేర్లు మాత్రమే. 2012 నాటి ఐ7 ఇవాళ్టికి ఐ7 కాదు. ఇంకో సంగతి. విండోస్ 11 ఆ మూడో తరం ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్‌తో ముగిసింది. మా వాడు రోజూ ఆడాలనుకున్న వాలరెంట్ అనే గేమ్‌కైతే విండోస్ 11 మీద టీపీఎం, సెక్యూర్ బూట్ అనే రక్షణ ఏర్పాట్లు ఉండి తీరాలి.

ఇక 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, అంటే స్క్రీన్ మీద బొమ్మను గీసే భాగం. అది జీటీ 730 అని తేలింది. 2014 నాటిది. కొన్న చాలామంది మోసపోయేది ఈ "4 జీబీ" దగ్గరే. ఇంట్లో నీళ్ల ట్యాంక్ ఎంత పెద్దదైనా కిందికి వచ్చే పైపు సన్నగా ఉంటే బకెట్ నిండడానికి గంట పడుతుంది కదా. జీబీ అనేది ట్యాంక్ సైజు. పైపు సైజు వేరే ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. డీడీఆర్3 అనే పాత రకం మెమరీ వేసిన జీటీ 730లో ఆ పైపు గుండా సెకనుకు 30 జీబీ కూడా పోదు. 2021 అక్టోబర్‌లో ఏఎండీ కంపెనీ తెచ్చిన ఆర్‌ఎక్స్ 6600లో సెకనుకు 224 జీబీ పోతుంది. రెండింటినీ "గ్రాఫిక్స్ కార్డ్" అనే అంటారు, అందుకే ఇంత గందరగోళం.

పేరు ఒకటే అయినా సరుకు వేరుగా ఉండటం కొత్త కార్డుల్లోనూ ఉంది. ఆర్‌టీఎక్స్ 3050 అంటే 8 జీబీది ఒకటి, 6 జీబీది ఒకటి. 6 జీబీ దాంట్లో మెమరీ ఒక్కటే తగ్గలేదు, లోపలి కోర్లు కూడా తగ్గాయి. కాబట్టి అది చవగ్గా దొరికితే సంబరపడే ముందు ఈ తేడా తెలిసి ఉండాలి. అయితే దానికి 70 వాట్లు చాలు, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. బడ్జెట్ మరీ తక్కువగా ఉండి, ఆఫీసుల్లో వాడి అమ్మేసిన కాస్త కొత్త తరం కంప్యూటర్ కొనుక్కున్నవాళ్లకు అది నిజంగా పనికొస్తుంది. క్యాబినెట్‌లో పట్టే సైజు ఉందో లేదో ముందే చూసుకోవాలి, అంతే.

సెకండ్ హ్యాండ్ కార్డుల గురించి కూడా చాలామంది అడుగుతారు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారాక, మైనింగ్‌లో, అంటే ఆ కరెన్సీ సంపాదించే పనిలో, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు బోలెడు బజారుకొచ్చాయి. వాటిలో మంచివీ ఉంటాయి. కానీ మీ కళ్లముందు అరగంట పాటు గేమ్ నడిపి చూపించనివాళ్ల దగ్గర కొనకండి.

మా వాణ్ని కూర్చోబెట్టి అడిగాను. ఏం ఆడతావు? వాలరెంట్, జీటీఏ 5, అప్పుడప్పుడు ఫ్రెండ్స్‌తో కౌంటర్ స్ట్రైక్. ఏ స్క్రీన్ మీద? మామూలు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ చాలు అన్నాడు. అక్కడితో సగం లెక్క తేలిపోయింది. ఫుల్ హెచ్‌డీలో ఇవి ఆడటానికి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు, గ్రాఫిక్స్ కార్డ్ మాత్రం గట్టిది ఉండాలి. మానిటర్‌తో కలిపి బడ్జెట్ 55 వేలు అనుకున్నాం. అందులో సుమారు 20 వేలు ఒక్క ఆర్‌ఎక్స్ 6600కే పక్కన పెట్టాం. ప్రాసెసర్ ఆ ఐ3 12100ఎఫ్. దానికి హెచ్610 మదర్‌బోర్డ్, అంటే భాగాలన్నీ బిగించే పలక. ర్యామ్ 16 జీబీ, కానీ ఒకే కర్ర కాదు, 8 జీబీవి రెండు. రెండు కర్రలు పెడితే రెండు దారుల్లో డేటా వెళ్తుంది, గేమ్ మధ్యలో ఆగి ఆగి కదలడం తగ్గుతుంది.

ర్యామ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మేము కొన్నప్పటి ధరలు ఇప్పుడు నమ్మకండి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లకు గిరాకీ పెరిగి ర్యామ్ ధరలు అమాంతం ఎగబాకాయి. మీరు వెళ్లే రోజు ధర కనుక్కోండి. మీ దగ్గర మంచి డీడీఆర్4 ర్యామ్ పాతది ఉంటే, దానికి సరిపోయే మదర్‌బోర్డ్ తీసుకోవడం తెలివైన పని.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్. అంటే కరెంటును గోడ నుంచి తీసుకుని లోపలి భాగాలకు పంచే డబ్బా. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం, కొంచెం ఓపిగ్గా వినండి.

2011 మే నెలలో మా ఇంట్లో మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. టప్‌మని ఒక చప్పుడు, వెంటనే కాలిన వాసన. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ అది. పోతూ పోతూ మదర్‌బోర్డ్‌నీ, హార్డ్ డిస్క్‌నీ తీసుకుపోయింది. ఆ హార్డ్ డిస్క్‌లో బాసరలో మా మేనల్లుడికి అక్షరాభ్యాసం చేయించిన ఫొటోలున్నాయి. వేరే కాపీ లేదు. మా అక్క ఏమీ అనలేదు, కానీ నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మంచి ఎస్‌ఎంపీఎస్‌కీ దానికీ అప్పట్లో తేడా పదిహేను వందలు.

అందుకే ఆ కొటేషన్‌లో "ఎస్‌ఎంపీఎస్‌తో సహా" అన్న మాట చూడగానే మా వాణ్ని మా ఇంటి అటక దగ్గరికి తీసుకెళ్లాను. అలాంటి పాత డబ్బా ఒకటి దాచి ఉంచాను. దాని మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. పక్కన చిన్న పట్టిక. అందులో 12 వోల్టులు అన్న గడి కింద 14 ఆంపియర్లు అని రాసి ఉంది. "గుణించు" అన్నాను. 12 ఇంటూ 14, 168 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ ప్రధానంగా తినేది ఈ 12 వోల్టుల లైన్ నుంచే. ఆర్‌ఎక్స్ 6600కి 132 వాట్లు కావాలి. ఆ ఐ3 గట్టిగా పనిచేసేటప్పుడు 89 దాకా తీసుకుంటుంది. మొత్తం 221. పైన 450 అని రాసిన డబ్బా ఆ లైన్‌లో 168 మాత్రమే ఇవ్వగలదు, అది కూడా సరిగ్గా ఉంటే. మంచి 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద అదే గడిలో దాదాపు 36 ఆంపియర్లు ఉంటుంది.

మా వాడు ఆ గడి మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కొటేషన్ మడిచి నాకిచ్చేశాడు.

మర్నాడు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లాం. చెనాయ్ ట్రేడ్ సెంటర్. హైదరాబాద్‌లో కంప్యూటర్ విడిభాగాలు కొనేవాళ్లకు ఆ పేరు చెప్పక్కర్లేదు. ఒక చోట అడిగి ఆగిపోకుండా మూడు నాలుగు షాపుల్లో మోడల్ నంబర్లతో సహా లిస్ట్ రాయించుకున్నాం. ఒక షాపులో బిల్లు వద్దంటే కొంచెం తగ్గిస్తామన్నారు. వద్దన్నాను. జీఎస్టీ 18 శాతం కడుతుంటే ఎవరికైనా మనసు పీకుతుంది, నిజమే. కానీ రెండేళ్ల తర్వాత కార్డ్ పాడైతే వారంటీకి అడిగేది ఆ బిల్లే. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోవడం కూడా మర్చిపోవద్దు.

క్యాబినెట్ దగ్గర మాత్రం చిన్న గొడవ జరిగింది. ముందువైపు మొత్తం అద్దం, లోపల రంగురంగుల ఫ్యాన్లు, మా వాడి కళ్లు దాని మీదే. కాజీపేటలో మే నెల ఎండ తెలిసినవాణ్ని కాబట్టి నేను ఒప్పుకోలేదు. అద్దం వెనక ఫ్యాన్ ఉన్నా దానికి గాలి ఎక్కణ్నుంచి వస్తుంది? ముందువైపు జాలీ ఉన్నదాన్ని తీసుకున్నాం. అలిగాడు. ఒక ఫ్యాన్ రంగుల లైటుది పెట్టించాక మామూలయ్యాడు.

ఆదివారం అక్కావాళ్లింట్లో కూర్చుని బిగించాం. స్క్రూలన్నీ వాడితోనే తిప్పించాను. సాయంత్రానికి అయింది. స్విచ్ వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, మానిటర్ మీద మాత్రం "నో సిగ్నల్". వాడి మొహంలో టెన్షన్ చూడలేకపోయాను. చూస్తే మానిటర్ కేబుల్ మదర్‌బోర్డ్‌కి పెట్టాడు. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే దానికి సొంత గ్రాఫిక్స్ ఉండవు, మానిటర్ కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డ్‌కే పెట్టాలి. మార్చగానే బొమ్మ వచ్చింది. ఎగిరి గంతేశాడు.

ఇంకా రెండు పనులు మిగిలాయి. 3200 వేగం అని కొన్న ర్యామ్ 2133 మీద నడుస్తోంది. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లోకి వెళ్లి, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాం. 100 హెర్ట్జ్, అంటే సెకనుకు వంద బొమ్మలు మార్చే మానిటర్‌ని విండోస్ 60 మీద పెట్టింది. డిస్‌ప్లే సెట్టింగుల్లో మార్చాం. ఈ రెండూ చేయకపోతే కట్టిన డబ్బులో కొంత ఊరికే పడి ఉన్నట్టే. చాలామంది ఇళ్లలో ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది, మీ ఇంట్లో ఉన్నదాన్ని కూడా ఒకసారి చూసుకోండి.

అప్పుడు మా అక్క టీ తెచ్చి టేబుల్ మీద పెడుతూ క్యాబినెట్‌కి చెయ్యి తగిలించి వెనక్కి తీసుకుంది. "జిల్లుమంటుందిరా" అంది. ఆ గదిలో ప్లగ్ పాయింట్‌కి మూడు రంధ్రాలున్నాయి కానీ మూడో దాని వెనక ఎర్త్ వైరే లేదు. వెంటనే ఆఫ్ చేశాం. వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్ మర్నాడు పొద్దున వచ్చి ఎర్త్ లైన్ వేసి వెళ్లేదాకా మా వాడు ఒక్క గేమ్ కూడా ఆడలేదు. ఆ రాత్రంతా దాని ముందే కుర్చీలో కూర్చున్నాడు.

నేను బయల్దేరేటప్పుడు అక్క గుమ్మం దాకా వచ్చింది. "తమ్ముడూ, ఉరుములు ఉరిమితే ప్లగ్ పీకెయ్యాలా?" అని అడిగింది.

"పీకెయ్ అక్కా. ఇంటర్నెట్ వైరు కూడా పీకెయ్" అన్నాను.

లోపలి నుంచి మా వాడు, "గేమ్ మధ్యలో ఉన్నా పీకేస్తారా?" అని అరిచాడు.

"మధ్యలో ఉన్నా సరే" అంది అక్క.

సెలవు. నమస్కారం.