సూర్యుడి తుఫాను, మన కరెంటు తీగలు

అందరికీ నమస్కారం.

సూర్యుడి మీద పేలుడు జరిగి, విద్యుదావేశమున్న కణాల మబ్బు అయస్కాంత క్షేత్రంతో సహా భూమి మీదికి దూసుకొస్తే దాన్ని సౌర తుఫాను అంటాం. అది వస్తే ఫోన్లు పేలిపోతాయని వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతుంటాయి. ఫోన్‌కేమీ కాదు. దెబ్బ తగిలేది పొడవాటి తీగలకి. మీరంతా ఎలక్ట్రికల్ విద్యార్థులు, రేపు సబ్‌స్టేషన్లలో, గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్లలో కూర్చోబోయేవాళ్లు. అందుకే ముఖ్యంగా ఆ తీగల గురించే మాట్లాడతాను.

1859 సెప్టెంబర్ 1న ఇంగ్లండ్‌లో రిచర్డ్ కారింగ్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యుడి మీది మచ్చలను బొమ్మ గీస్తున్నాడు. ఉన్నట్టుండి ఒక మచ్చల గుంపు దగ్గర తెల్లటి వెలుగు భగ్గుమంది. కొద్ది నిమిషాల్లో ఆరిపోయింది. 17, 18 గంటల తర్వాత భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమైంది. అమెరికాలో బోస్టన్, పోర్ట్‌లాండ్ టెలిగ్రాఫ్ ఆపరేటర్లు బ్యాటరీలు తీసేసి, తీగలో దానంతట అది పుట్టిన కరెంటుతోనే కబుర్లు పంపుకున్నారు.

లండన్ దగ్గర క్యూ అబ్జర్వేటరీలో అయస్కాంత క్షేత్రాన్ని దానంతట అదే నమోదు చేసే పరికరం గీత కాగితం దాటిపోయింది. మన బొంబాయి కొలాబా అబ్జర్వేటరీలో మాత్రం పరిశీలకులు రీడింగులు చూసి చేత్తో రాసేవారు. మామూలుగా గంటకోసారి. అలజడి మొదలయ్యాక కొద్ది నిమిషాలకోసారి. క్షేత్రం దాదాపు 1600 నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) పడిపోయిందని ఆ పుస్తకాల్లోంచే తెలిసింది. ఎవరు చదువుతారో తెలియకుండానే అంత శ్రద్ధగా రాసిపెట్టిన ఆ మనుషులంటే నాకు చాలా గౌరవం.

ఇక కెనడాలోని క్యూబెక్. 1989 మార్చి 13, తెల్లవారుజామున 2:44. క్షేత్రం ఊగితే నేలలో వోల్టేజ్ పుడుతుంది. క్యూబెక్ కింద ఉన్నది కరెంటును సులభంగా పోనివ్వని పాతకాలపు గట్టి రాయి. దాంతో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లను నేలకి కలిపే న్యూట్రల్ ఎర్తింగ్ గుండా లైన్లలోకి ఎక్కింది. అది దాదాపు డీసీ, అంటే ఒకే దిక్కున పోయే కరెంటు, లాంటిది. దిక్కు మారుతూ పోయే ఏసీ కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోర్‌లోకి డీసీ ప్రభావం దూరితే ప్రతి సైకిల్‌లో ఒక సగంలో కోర్ సాచురేట్ అవుతుంది, అంటే ఇక అయస్కాంతాన్ని పట్టలేదు; అప్పుడు హార్మోనిక్స్, అంటే వేరే ఫ్రీక్వెన్సీల అదనపు అలలు, పుట్టుకొస్తాయి. వాటిని చూసి, లోపం వస్తే పరికరాలను ఆపేసే రక్షణ రిలేలు ఫాల్ట్ అనుకున్నాయి. వోల్టేజిని నిలబెట్టాల్సిన కాంపెన్సేటర్లు ఏడూ నిమిషంలోపే ట్రిప్ అయిపోయాయి. 90 సెకన్లలో గ్రిడ్ మొత్తం కుప్పకూలింది. 60 లక్షల మందికి కరెంటు లేదు, తొమ్మిది గంటలపాటు.

రిలేలు చెడిపోలేదని గమనించండి. వాటికి చెప్పిన పనే అవి చేశాయి. ఆ తర్వాత అక్కడి ఇంజనీర్లు సెట్టింగులు మార్చారు, డీసీని ఆపే సిరీస్ కెపాసిటర్లు పెట్టారు.

మనకూ అలాగే జరుగుతుందా? అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొన మీదుగా పోతుంది. అందువల్ల మన గ్రిడ్‌కు క్యూబెక్ స్థాయి దెబ్బ తగిలే అవకాశం తక్కువే. కానీ జీపీఎస్ సంగతి వేరు. మన మీది అయనోస్ఫియర్, అంటే పై వాతావరణంలోని విద్యుదావేశమున్న పొర, మామూలు సాయంత్రాల్లోనే సిగ్నళ్లను చిందరవందర చేస్తుంటుంది. 2024 మే తుఫానుకి అమెరికాలో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు గాడి తప్పి, విత్తే సీజన్‌లో పనులు ఆగిపోయాయి. 2022 ఫిబ్రవరిలో అంత పెద్దది కాని తుఫానుకే పై వాతావరణం ఉబ్బి, అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో చాలావరకు కూలిపోయాయి.

2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన సూర్య పరిశోధన నౌక ఆదిత్య-ఎల్1 ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. సూర్యుడి మీద పేలుడు ఎనిమిది నిమిషాల్లో కంటికి కనిపిస్తుంది. కానీ వచ్చే మబ్బులో అయస్కాంత క్షేత్రం ఎటు తిరిగి ఉందో ఆ మబ్బు ఆదిత్య ఉన్న చోటు దాటేదాకా సరిగ్గా తెలియదు. దక్షిణం వైపు తిరిగి ఉంటేనే మనకు పెద్ద దెబ్బ. అది తెలిశాక మన చేతిలో ఉండేది సుమారు అరగంట, మహా అయితే గంట. ఆలోపే మెయింటెనెన్స్‌లో ఉన్న లైన్లను వెనక్కి తెచ్చుకోవాలి, ట్రాన్స్‌ఫార్మర్ల మీద లోడ్ తగ్గించాలి. ఎవరు ఏ స్విచ్ దగ్గర ఉండాలో అప్పుడు చర్చిస్తే కుదరదు.

మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఒక పని అడుగుతాను. ఏదైనా ఒక 400 కేవీ సబ్‌స్టేషన్ అనుమతి తీసుకుని, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌లో పోయే డీసీని కొన్ని నెలలపాటు కొలవండి. ఆ రీడింగులను భూ అయస్కాంత రికార్డుల పక్కన పెట్టి చూడండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.